వెన్న తాగిన తలుపు

మేడమీది ఆ గదిని చూసిన రోజున తిలిలా, తనను చేసుకోబోయే అస్సూను ఇంకోసారి ఒప్పుకున్నంత పని చేసింది. గది ఎంతో లేదు. ఒక పరుపు, ఒక పెట్టె, గోడకు ఆనించిన కంబళ్ళ దొంతర, అంతే. కానీ కిటికీ తెరిస్తే టిమహ్దీత్ ఊరి కప్పులన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు కనిపిస్తాయి. వాటి వెనక గొర్రెల మందలు, మందల వెనక కొండలు. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది మూలనున్న పొగగొట్టం. కింద పెద్ద గదిలో అత్తగారి ఇనప పొయ్యి నుంచి బయలుదేరిన గొట్టం, ఈ గది నేలలోంచి తల ఎత్తి, కప్పులోంచి బయటికి పోతుంది. పొయ్యి వెలిగిస్తే చాలు, దాని పక్కన వెచ్చని పిల్లి చుట్ట చుట్టుకుని పడుకున్నట్టే ఉంటుంది.

"మనం పిల్లిని పెంచుతున్నాం, తెలుసా?" అంది పెళ్ళయిన వారానికి మొగుడితో.

"పాలు తాగదు, ఎలకల్ని పట్టదు. ఇదేం పిల్లే?" అన్నాడు అస్సూ.

"గురక పెడుతుంది. విను."

అస్సూ గొట్టానికి చెవి ఆనించి, చెవి కాలి, ఎగిరి గంతేశాడు. ఆ గంతును తలుచుకుని తిలిలా మర్నాడు రొట్టెలు కాలుస్తూ కూడా నవ్వింది. ఎందుకు నవ్వావని అత్తగారు అడిగితే ఏం చెప్పాలో తోచక, పిండి కళ్ళల్లో పడిందని చెప్పింది.

అంత చక్కని గదికి వచ్చిన తంటా అంతా తలుపుతోనే. అది అస్సూ తాతగారి పాత ఇంటి దేవదారు తలుపు. ఆ ఇల్లు కూలిపోతే, పాడయిపోతుందేమోనని గాడిద మీద కట్టుకుని తెచ్చారు. చెక్క బంగారం లాంటిది, సందేహం లేదు. కానీ వేరే ద్వారబంధానికి కొలిచి చేసిన తలుపు ఈ ద్వారబంధంలో, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా నిలబడింది. పైన వదులు, ఒక పక్క బిగువు, కింద గడపకూ తలుపుకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు. తలుపు తెరుచుకునేది డాబా మీదికి, అదీ ఉత్తరం వైపుకి. కార్తె మారి చలిగాలి మొదలయ్యాక ఆ గాలి ఎవర్ని అడిగి లోపలికి వస్తుంది? పైసందులోంచి ఈల వేసుకుంటూ వచ్చేది. బందుల పక్కనుంచి బుసకొట్టేది. గడప కిందనుంచి మాత్రం చప్పుడు లేకుండా జొరబడి, చన్నీళ్ళలో ముంచిన చేత్తో చీలమండ పట్టుకునేది. పిల్లి పాపం ఎంత వెచ్చబెట్టినా అదంతా తలుపు దగ్గరే చెల్లిపోయేది.

ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారు ఇజ్జా ఆ మాట తీయనే తీసింది.

"మొదటి పెద్ద మంచు పడేదాకా మీ ముచ్చట తీర్చుకోండి. పడ్డాక పరుపులు కిందికి దిగాలి. ఈ ఇంట్లో చలికాలం ఎవరూ విడిగా పడుకోలేదు, పడుకోరు."

ఈ ఇంట్లో చలికాలం అంటే ఏమిటో తిలిలాకు తెలుసు. పెద్ద గదిలో పొయ్యి చుట్టూ అందరూ వరసగా. గోడ పక్కన మామగారు బెన్నాసర్, ఆయన పక్కన అత్తగారు, ఆమె పక్కన ఆడపడుచు. ఆడపడుచుకూ మగ్గానికీ మధ్య మిగిలిన చోటు కొత్త జంటది. మామగారి గురక గురించి ఊళ్ళో కథలున్నాయి. గురక సంగతి సరే, ఆ వరసలో మొగుడి చెవిలో ఒక్క మాట చెప్పాలంటే ముగ్గురు పక్కకు తిరుగుతారు.

తిలిలా చేతిలోని రొట్టె ముక్క సూప్ గిన్నె మీద ఆగిపోయింది. "గది వెచ్చగా ఉంటేనో, అత్తయ్యా?"

"ఉంటే? ఆ తలుపుతోనా?"

"ఉంటే అంటున్నాను."

ఇజ్జా కోడలి వంక చూసింది. ఆమె చుబుకం మీద పాతకాలపు పచ్చబొట్టు గీత ఉంది. నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆ గీత వంకర పోతుంది. "ఉంటే నేనే పైకి వస్తా. తలుపు పక్కనే కూర్చుని గిన్నెడు సూప్ తాగుతా. నా మోకాళ్ళు ఊరుకుంటే మీరు ఉండండి. మోకాళ్ళు మూలిగాయంటే మీ పరుపు నేనే మోసుకొస్తా."

"దాని మోకాళ్ళు వేసంకాలంలో కూడా మూలుగుతాయమ్మా," అన్నాడు బెన్నాసర్ గడ్డంలోంచి. "బేరం ఆలోచించి ఆడు."

కానీ తిలిలా అప్పటికే తల ఊపేసింది.

అస్సూ పశువుల డాక్టరు దగ్గర సహాయకుడు. కొండల్లో తిరిగి గొర్రెలకు సూదులు వేస్తాడు. ఎంత పొగరుబోతు పొట్టేలునైనా ఒంటిచేత్తో పడేసేవాడికి ఒక తలుపు ఎంత? సంతరోజున ఫోమ్ పట్టీ చుట్ట ఒకటి కొనుక్కొచ్చాడు. ఒక వైపు మెత్తన, ఇంకో వైపు జిగురు. కాగితం ఊడదీసి అంటించడమే. ఈల వేస్తూ ద్వారబంధం చుట్టూ అంటించాడు. తలుపు మూస్తే మెత్తగా మూసుకుంది. గాలి ఆగిపోయింది. ఆ సాయంత్రం తిలిలా గడప పక్కన నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, రాణిలా అటూ ఇటూ నడిచింది. అస్సూ పెట్టె మీద కూర్చుని దణ్ణాలు పెట్టాడు.

పొద్దున లేచి చూస్తే పట్టీ ఊడి నేల మీద పడి ఉంది.

"చలికి జిగురు గట్టిపడలేదు," అన్నాడు అస్సూ. గుడ్డతో ద్వారబంధం తుడిచి, పట్టీ మళ్ళీ అంటించి, గుప్పిటతో గుద్ది గుద్ది పెట్టాడు. మధ్యాహ్నానికి ఊడింది. ఇంకో కొట్టులో ఇంకో రకం తెచ్చాడు. అది భోజనాల వేళ వరకు ఆగి, సరిగ్గా బెన్నాసర్ డాబా మీదికి వచ్చిన క్షణాన ఆయన టోపీ మీద వాలింది.

ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. "మీ తలుపు కుబుసం విడుస్తోందిరా అబ్బాయీ. పాము ఏదీ?"

"నవ్వండి నాన్నా, నవ్వండి. మీ గురక వినాల్సింది నేనే కదా."

"నా గురక మీద మాట తూలకు. ఆ గురక వింటూ పెరిగావు కాబట్టే ఇంత ఎత్తయ్యావు."

మొగుడు సంతలో కొట్టువాడిని తిడుతూ కూర్చుంటే తిలిలా ఊడిన పట్టీని పట్టుకుని ద్వారబంధం ముందు నిలబడింది. మెక్నెస్ పట్నం కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన పిల్ల. వస్తువు కింద పడితే దాని మీద కోపం రాదు, ఎందుకు పడిందా అని దురద పుడుతుంది. పట్టీ మొత్తం ఒకేలా ఊడలేదు. కింద, మోకాలి ఎత్తు దాకా ఇంకా కొంచెం పట్టుకునే ఉంది. ఊడిందంతా ఆ పైనే. చేతికి అందినంత మేర. ఎవరి చేతికి? ఆమె వేలితో చెక్కను రాసింది. వేలు జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఒక్కసారిగా ఆమె ముఖం చెవులదాకా ఎర్రబడింది.

"అస్సూ... కొట్టువాడిని తిట్టకు."

"ఏం? వాడు నీకు చుట్టమా?"

"తిట్టాల్సింది నన్ను."

పెళ్ళిరోజు గుర్తొచ్చింది. డప్పుల మధ్య అత్తవారి వాకిట దిగింది. చేతుల్లో గిన్నెడు వెన్న పెట్టారు. ఉప్పు వేసి మాగబెట్టిన వెన్న. కొత్త కోడలు వచ్చినప్పుడు గుమ్మానికి వెన్న పూయాలి, ఇంటికి పాడి, పచ్చదనం రావాలని. తిలిలా కింది గుమ్మం పై పట్టెకు పూసింది. "పూయి తల్లీ, పిసినారితనం చేయకు," అని ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పూసింది. ఇంకా గిన్నెలో సగం వెన్న ఉంది. ఆ తర్వాత మేడ ఎక్కించి గదిలో కూర్చోబెట్టి, కాసేపు ఊపిరి పీల్చుకోమని ఆమెను ఒంటరిగా వదిలారు. తన గది. తన తలుపు. చేతిలో సగం గిన్నె వెన్న. ఇంకేముంది? ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు. ఒంటి మీది వెండి నగలు గలగలమంటుంటే, మునివేళ్ళ మీద లేచి, పై పట్టెకూ రెండు నిలువులకూ గిన్నె అడుగు గీకి మరీ పూసేసింది. సంతోషం పట్టలేక పూసింది. వేసవి ఎండకు దేవదారు చెక్క ఆ వెన్ననంతా తాగి ఊరుకుంది.

అదంతా అస్సూకు చెప్పింది. అతను పరుపు మీద పడి, తలగడలో ముఖం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.

"నవ్వకు! పెళ్ళాం ఏడుస్తుంటే నవ్వుతావా?"

"నువ్వు ఏడవట్లేదు, తిలీ. నువ్వూ నవ్వుతున్నావు."

నిజమే, నవ్వుతోంది. కానీ నవ్వుతో గాలి ఆగదు. మర్నాడు వేడినీళ్ళు, నల్ల సబ్బు, పీచు పట్టుకుని ఇద్దరూ తలుపు దగ్గర చేరారు. తిలిలా పీచు ఎత్తింది. చెక్కకు ఆనించింది. చెయ్యి కదల్లేదు.

"ఏమైంది?"

"నేను పూసినప్పుడు ఒకటి కోరుకున్నాను. ఇప్పుడు నా చేత్తోనే..."

"ఏం కోరుకున్నావు?"

"చెప్పను."

"నేను రుద్దుతాలే. నేనేం కోరుకోలేదుగా," అని అస్సూ పీచు అందుకుంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ఇజ్జా డాబా మీద ఆరేసిన ఉన్ని తీసుకోవడానికి వచ్చింది. బకెట్టు చూసింది, సబ్బు చూసింది, ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏం కడుగుతున్నారు?"

అస్సూ పీచును వెనక్కి దాచాడు. తిలిలాయే చెప్పింది, తల వంచుకుని, ఒక్క గుక్కలో. ఇజ్జా ముందుకు వచ్చి ద్వారబంధానికి ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది.

"ఇదీ నువ్వేనా?" అంది. "నా సగం గిన్నె వెన్న! నేను ఇన్నాళ్ళూ మా తోడికోడలు నాకేసిందనుకున్నా. ఆవిడతో మాటలు మానేశాను తెలుసా!"

"అయ్యో, అత్తయ్యా!"

"మానేసినందుకు బాధ లేదులే. ప్రాణం హాయిగా ఉంది." చుబుకం మీద గీత వంకర పోయింది. అంతలోనే గొంతు మారింది. "చెప్పకుండానే పూశావా? ఎవరూ చెప్పకుండానే?"

తిలిలా తల ఊపింది.

ఇజ్జా బకెట్టు ఎత్తి, డాబా మీది నీళ్ళ దారిలో ఒంపేసింది. "దీన్ని ఎవరూ కడగరు. కడిగినా పోదు, దేవదారు తాగింది తిరిగి కక్కదు. కానీ కడగరు. విన్నావురా?"

"మరి గాలో?" అన్నాడు అస్సూ.

"గాలికి నేను జవాబుదారీ కాదు. కింద బోలెడంత చోటుంది." ఉన్ని చంకలో పెట్టుకుని దిగిపోయింది.

ఇక తిలిలా జిగురు లేని దారులు వెతికింది. అస్సూ పాత ప్యాంటు కాలు కత్తిరించి, రంపపు పొట్టు కూరి, రెండు చివర్లు కట్టి గడప దగ్గర పెట్టింది. నిలువు సందుల్లో చింకి గుడ్డలు దూర్చింది. గాలి కొంత తగ్గింది. కానీ ఎవరు తలుపు తీసినా గుడ్డలన్నీ రాలిపోయేవి, పొట్టుసంచీ జారి పోయేది, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని దూర్చాలి. ఒకరోజు అస్సూ తెల్లవారుజామున బయటికి పోబోతే తలుపు బిగుసుకుపోయింది. అతను భుజంతో గుద్ది, తలుపుతోపాటు డాబా మీదికి వెళ్ళి పడ్డాడు. చప్పుడుకి పైకి వచ్చిన ఇజ్జా పొట్టుసంచీని కాలి బొటనవేలితో పొడిచింది.

"ఇదేంటి? ఏ మేక చచ్చింది?"

"గాలి ఆపడానికి, అత్తయ్యా."

"గాలి దీన్ని చూసి నవ్వలేక ఆగిపోతుందేమో. ఇంత చదివావు, కుట్టు మాత్రం తాగినవాడి నడకలా ఉంది."

ఇంకెవరైనా అయితే ఉడుక్కునేవారు. తిలిలాకు మాత్రం అత్తగారి వెక్కిరింతలంటే లోలోపల ఇష్టం. ఆమె ఎప్పుడూ వంక లేని చోట వంక పెట్టదు. కుట్టు నిజంగానే అలా ఉంది.

ఆ రోజు గాలి జోరుగా ఉంది. తిలిలా గుడ్డలన్నీ పీకేసి, సాలెపోగంత పలచని ఉన్నిపోగు ఒకటి చేతిలో పట్టుకుని, తలుపు మూసి, ద్వారబంధం పొడవునా మెల్లగా జరుపుతూ పోయింది. గాలి వచ్చే చోట పోగు వణుకుతుంది, మరీ వచ్చే చోట పడుకుండిపోతుంది. వణికిన చోట బొగ్గుతో చిన్న గీత, పడుకున్న చోట పొడుగు గీత, కదలని చోట చుక్క. కిందనుంచి పైకి, పైనుంచి కిందికి. చేస్తున్నది ఎందుకో తనకే సరిగా తెలియదు. శత్రువును చూడకుండా యుద్ధమేమిటని, అంతే.

ఇజ్జా వెళ్ళలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. "ఏంటది, దిష్టి తీస్తున్నావా తలుపుకి?"

"గాలి ఎక్కడెక్కడ ఎంత వస్తోందో రాస్తున్నా, అత్తయ్యా. ఇదిగో చూడండి." పోగును పైమూల దగ్గర పట్టింది. అది ఒక్కసారి చదునుగా పడుకుంది. జానెడు పక్కకు జరిపింది. అది నిటారుగా నిలబడింది.

ఇజ్జా కళ్ళు చిన్నవయ్యాయి. "ఇటు తే." పోగు లాక్కుంది. తనే జరిపి చూసింది. బొగ్గు గీతల మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ నడిచింది. పొడుగు, పొడుగు, పొట్టి, చుక్క, పొట్టి, పొడుగు. తిలిలా ఎన్నోసార్లు చూసింది ఆ పెదాల కదలిక. మగ్గం ముందు కూర్చుని రగ్గు నేసేటప్పుడు అత్తగారు ముడులను అలాగే చదువుకుంటుంది. ఆ కొండల్లో నేసే రగ్గుకు ఒక వైపు ఉన్ని కుచ్చు వేలెడు పొడవున లేచి ఉంటుంది. చలికాలం ఆ కుచ్చు వైపు ఒంటికి తగిలేలా కప్పుకుంటారు.

"కుచ్చు," అంది ఇజ్జా, ఎవరితోనో కాదు, తలుపుతో. "నీకు కావాల్సింది జిగురు కాదు, కుచ్చు. పొడుగున్న చోట పొడుగు, పొట్టి చోట పొట్టి."

"పట్టీలా నేసి, అంచు మేకులతో కొడితే..." తిలిలా గొంతు పైకి లేచింది. "తలుపు వచ్చి కుచ్చు మీద వాలుతుంది! తెరిస్తే కుచ్చు మళ్ళీ లేస్తుంది! మీ రగ్గు తొక్కినా లేస్తుందిగా, అలా! రాలదు, బిగుసుకోదు..."

"అరవకు, కొండమీది గొర్రెలు బెదురుతాయి." కానీ ఇజ్జా అప్పటికే మెట్లు దిగుతోంది. సగం దిగి వెనక్కి తిరిగింది. "నేను నేస్తాననలేదు!"

తెల్లారేసరికి మగ్గం మీద, సగంలో ఉన్న కంబళి పక్కన, అరచేయి వెడల్పున సన్నని పడుగు బిగించి ఉంది.

"నేను ఊరికే చూస్తున్నా, వస్తుందా రాదా అని," అంది ఇజ్జా, ఎవరూ అడగకముందే.

అస్సూ గొర్రెల పొట్ట కింది ఉన్ని తెచ్చి ఇచ్చాడు, సంతలో ఎవరూ కొననిది. ఇజ్జా దాన్ని ఉతకనివ్వలేదు. గొర్రె ఒంటి జిడ్డు ఉంటేనే తడి పట్టదని, వెన్న తాగిన చెక్కకు జిడ్డు ఉన్నితో పేచీ ఉండదని అంది. తిలిలా ఉన్ని ఏకి ఇచ్చింది. ఇజ్జా తొడ మీద కదురు దొర్లించి, వదులుగా, మెత్తగా వడికింది. తర్వాత మగ్గం ముందు కూర్చుంది. బొగ్గు గీతల వరసను తిలిలా పైనుంచి ఒక తాడు మీదికి దించి తెచ్చి మగ్గం పక్కన వేలాడదీసింది. అత్తగారు దాని వంక ఒకసారి చూసి, చేతులు పనిలో పెట్టింది.

ఆ చేతుల్ని చూడ్డమే ఒక పండగ. పోగు పడుగు చుట్టూ తిరిగిందో లేదో ముడి పడేది. ముడి పడిందో లేదో కత్తి మొన తళుక్కుమనేది. వరస అయ్యాక ఇనప దువ్వెనతో దిగ్గొట్టేది, మేడ కూడా కాస్త అదిరేలా. కళ్ళు తాడు మీద, నోరు పొరుగింటి కబుర్ల మీద, చేతులు వాటి దారిన అవి. కుచ్చు ఒకచోట గడ్డిలా లేచేది, ఇంకోచోట మఖ్మల్లా అణిగేది. తిలిలా ఏకుతూ ఏకుతూ చేతులు ఆపి చూస్తూ ఉండిపోయేది. కాలేజీలో అంత పెద్ద యంత్రాలను చూసింది. ఏదీ ఇంత నోరు వెళ్ళబెట్టించలేదు.

బెన్నాసర్ టీ తాగుతూ మగ్గం పక్కన చేరాడు. "ఇజ్జా, నాకో సందేహం. వాళ్ళు కిందికి రావాలంది ఎవరు?"

"నేనే."

"వాళ్ళు కిందికి రాకుండా పట్టీ నేస్తున్నది ఎవరు?"

ఇనప దువ్వెన ధడేల్మంది. "టీ చల్లారుతోంది. తాగు."

మధ్యాహ్నం ఆమె ఒక్కసారిగా చేతులు ఆపింది. అప్పుడే నేసిన వరస మీద గోరు పెట్టి అటూ ఇటూ రాసింది. మళ్ళీ తాడు వంక చూసింది. నిట్టూర్చి, ఆ వరసా దాని కింది వరసా ముడి ముడీ విప్పడం మొదలెట్టింది.

తిలిలా వంగి చూసింది. తేడా కనబడలేదు. "బాగానే ఉందిగా అత్తయ్యా. వెంట్రుకవాసి పొట్టి, అంతేగా. ఎవరికి తెలుస్తుంది?"

"గాలికి తెలుస్తుంది."

"అత్తయ్యా," అంది తిలిలా మెల్లిగా, "ఆ రెండు వరసలూ అలాగే వదిలేస్తే ఆ మూలనుంచి గాలి వస్తుంది. మీ మోకాళ్ళు మూలుగుతాయి. మేం కిందికి వచ్చేస్తాం. మీరు అడిగింది అదే కదా."

ఇజ్జా ముడి విప్పుతూనే ఉంది. కాసేపటికి, మగ్గం వైపే చూస్తూ చెప్పింది. "నేను రాత్రుళ్ళు మధ్యలో లేస్తాను. లేచి వింటాను. ఒకటి ఆయనది, ఒకటి అమ్మాయిది, ఒకటి వీడిది. అందరి ఊపిరీ అందితే మళ్ళీ నిద్ర పడుతుంది. వీడి ఊపిరి పుట్టినప్పటినుంచీ విన్నా. ఇప్పుడు నీది కూడా కలిస్తే బాగుంటుందని..." మాట తుంచేసింది. "అదొకటి. ఇదొకటి. చేతకాని పని నా మగ్గం మీదనుంచి దిగదు. దేవుడు చూస్తుండగా నేను మోసపు ముడి ఎలా వేస్తాను, నా కాలేయమా?"

కన్నబిడ్డను పిలిచే ఆ పిలుపుతో ఆమె తనను పిలవడం అదే మొదటిసారి. తిలిలా చేతిలోని ఉన్నిని పక్కన పెట్టేసింది. వెంటనే, కిందికే వచ్చేస్తాం అత్తయ్యా అని అనబోయింది కూడా. కానీ అది అబద్ధమవుతుంది. ఆమెకు ఆ గది కావాలి, పిల్లీ కిటికీ అన్నిటితో సహా కావాలి. మోసపు ముడి వేయని మనిషి దగ్గర మోసపు మాట ఎలా అంటుంది? మాట్లాడకుండా ఉన్ని ముందుకు లాక్కుని, ఇంతకుముందుకన్నా శ్రద్ధగా ఏకింది.

పట్టీ మగ్గం దిగాక ఇజ్జా దాని మీద నీళ్ళు చిలకరించి బిస్మిల్లా అంది, పెద్ద రగ్గుకు చేసినంత మర్యాదగా. అస్సూ చెప్పులు కుట్టేవాళ్ళు వాడే చిన్న మేకులతో అంచును ద్వారబంధానికి కొట్టాడు. "ఎడమకి. ఇంకా. నా ఎడమ కాదురా, నీ ఎడమ," అని తల్లి వెనకనుంచి ఆజ్ఞలు. గడప సందుకు తలుపు అడుగున లోపలివైపు ఇంకో కుచ్చు పట్టీ, గడప మీదుగా పోయినప్పుడు వంగి, మూసినప్పుడు వాలేలా. అంతా అయ్యాక అస్సూ తలుపు నెట్టాడు. పాత తలుపు ఎప్పుడూ కట్టెలు విరిగినట్టు మూసుకునేది. ఇప్పుడు మాత్రం, కొత్త మంచు మీద అడుగు పడితే వచ్చే చప్పుడుతో, మెత్తగా, మూసుకుంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇప్పుడే పొంగిపోకండి," అంది ఇజ్జా. "మంచు పడనీ."

మంచు పడింది. ఒక మధ్యాహ్నం కొండలు కనపడడం మానేశాయి, చీకటి పడేసరికి డాబా అంతా తెల్లగా నిండిపోయింది. గాలి ఉత్తరం నుంచి ఊరి కప్పులన్నీ పీకి పట్టుకుపోతానన్నట్టు కొట్టింది. ఇజ్జా తల మీద శాలువా, చేతిలో సూప్ గిన్నె పట్టుకుని, మెట్లెక్కి వచ్చింది. వెనక బెన్నాసర్, తీర్పు వినాలని. ఆమె తలుపుకు ఆనుకునేంత దగ్గరగా నేల మీద కూర్చుంది. మేజోళ్ళు తీసేసింది. వట్టి కాళ్ళు గడప మీద పెట్టింది.

 బయట గాలి తలుపును గుద్దుతోంది. లోపల ఒక్క పోగు కదలడం లేదు. ఇజ్జా ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క. మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి, తల ఒక పక్కకు వంచి, వాటి మాట వింటున్నట్టు కూర్చుంది. తిలిలా ఊపిరి బిగబట్టి అస్సూ చేతిని పిండుతోంది. అస్సూ నొప్పిని ఓర్చుకుంటున్నాడు.

"ఏమంటున్నాయి?" అన్నాడు బెన్నాసర్.

"ఉండు." గిన్నె ఖాళీ చేసింది. శాలువా తల మీదనుంచి భుజాల మీదికి జారింది, భుజాల మీదనుంచి ఒళ్ళోకి. గొట్టం దగ్గర పిల్లి మూలుగుతోంది. ఇజ్జా కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి. ఇంకాసేపటికి, ఆ గాలిలో, ఆ తలుపు పక్కన, వట్టి కాళ్ళతో, ఆమె నిద్రలోకి జారిపోయింది.

"ఇదేంటి," అన్నాడు బెన్నాసర్ గుసగుసగా. "ఇక్కడ కింద కంటే వెచ్చగా ఉందే!" అంటూ పరుపు అంచున చతికిలబడి, గోడకు జారగిలబడి, కాళ్ళు చాపాడు. అయిదు నిమిషాల్లో ఊళ్ళో కథలున్న ఆ గురక మొదలయింది.

తిలిలా, అస్సూ గది మధ్యలో నిలబడి, తమ గదిని చూసుకున్నారు. తలుపు దగ్గర అత్తగారు, పరుపు మీద మామగారు. అస్సూ ముఖం వేలాడిపోయింది. తిలిలాకు మాత్రం నవ్వు ముంచుకొస్తోంది, అరచేయి కొరుక్కుంటోంది. తమ కష్టమంతా ఎంత బాగా పనిచేసిందో చూడు! ఇక రేపు ఆడపడుచు కూడా తలగడ పట్టుకుని రావచ్చు.

గురక ఎక్కడో తెగి మళ్ళీ అందుకున్నప్పుడు ఇజ్జా కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం విన్నది. మొగుడి ఊపిరి. కొడుకు ఊపిరి. కోడలిది. ముఖం అంతా విచ్చుకుంది. తర్వాత గది వంక చూసింది, నిలబడి ఉన్న ఇద్దరి వంక చూసింది, పరుపు మీద కాళ్ళు చాపిన పెద్దమనిషి వంక చూసింది.

మేజోళ్ళు తొడుక్కుని లేచి, ఆయన అరికాలి మీద ఒకటి వేసింది. "లే. ఇది పిల్లల గది."

"వెచ్చగా ఉందే, కాసేపు..."

"కింద నా పక్కన వెచ్చగానే ఉంటుంది. లే అంటుంటే!"

ఆయన్ను ముందు నెట్టుకుంటూ గడప దాటింది. మంచులో నిలబడి వెనక్కి తిరిగి, కుచ్చు పట్టీని పైనుంచి కిందిదాకా చేత్తో ఒకసారి నిమిరింది. "పొద్దున్నే రొట్టెల వేళకి దిగండి. ఆలస్యమైతే నేను పైకి రాను, మీ నాన్నను పంపుతా." తలుపు తనే నెట్టింది. మెత్తగా మూసుకుంది.

తిలిలా తలుపుకు చెవి ఆనించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించాలి. మామగారి సణుగుడు వినిపించాలి. ఏమీ లేదు. అంత గాలీ, అంత మంచూ, అత్తామామలూ, అందరూ ఆ ఉన్ని అవతలే ఉండిపోయారు.

"ఏం వినబడుతోంది?" అడిగాడు అస్సూ.

"ఏమీ లేదు!"

"అయితే మన మాటలు కూడా వాళ్ళకి వినబడవు," అన్నాడు అస్సూ.

అప్పటిదాకా అరచేతిలో నొక్కిపెట్టిన నవ్వును తిలిలా అప్పుడు వదిలిపెట్టింది.